గుర్రుమనే కుక్కని కొడితే గుర్రుమనడమే మానేస్తుంది

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా లాబ్రడార్ లడ్డూకి ఏడాదిన్నర. పేరుకు తగ్గట్టే ఎవరు పిలిచినా తోకూపుకుంటూ పోయే రకం. రెండు వారాల కిందట డైనింగ్ టేబుల్ కింద బొమిక కొరుకుతుంటే, మా అత్తగారు చీపురు పట్టుకుని అటు వెళ్లారు. ఒక్కసారిగా గుర్రుమంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం కూలర్ ముందు నిద్రపోతుంటే మా ఆరేళ్ల బాబు వెళ్లి మెడ చుట్టూ చేతులేసి వాటేసుకున్నాడు. చటుక్కున లేచి మణికట్టు దగ్గర కరిచింది. రెండు చోట్ల రక్తం వచ్చింది, అత్తగారు పసుపు అద్దారు. మావారు కోపం పట్టలేక చెప్పుతో కొట్టారు. అప్పటినుంచి ఆయన్ని చూస్తే టేబుల్ కింద దూరుతోంది, చెయ్యి చాపితే గుర్రుమంటోంది. సెలవులకి మా ఆడపడుచు పిల్లలు ముగ్గురు కూడా ఇక్కడే ఉన్నారు, టెన్షన్‌గా ఉంది. పక్కింటాయన "మెడ పట్టి కిందపడేసి నొక్కండి, ఇంట్లో బాస్ ఎవరో తెలియాలి" అంటారు. అత్తగారేమో ఊళ్లో తోట దగ్గర వదిలేయమంటున్నారు. రేబిస్ టీకా చిన్నప్పుడు వేయించాం. ఏడాది టీకా వేయించాల్సి ఉంది గానీ, ఎండలు తగ్గాక చూద్దామని ఆగాం. ఈ ఎండలకి రోజూ డాబా మీద పైపుతో స్నానం చేయిస్తున్నాం, అయినా చెవి గోక్కుంటూ తల విదిలిస్తూనే ఉంటుంది. ఇంత మంచి కుక్క ఉన్నట్టుండి ఎందుకిలా అయింది?

జవాబు: అమ్మా, కుక్క సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బాబు చెయ్యి.

ఆస్పత్రికి వెళ్లినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వెళ్లి ఉంటే సంతోషం. లేదంటే ఇక్కడితో చదవడం ఆపి బాబుని తీసుకుని జీజీహెచ్‌కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, బయల్దేరండి. కుక్కకాటు టీకా అక్కడ ఉచితమే. "ఇంటి కుక్కే కదా" అని లెక్కలు వేసుకోకండి. రక్తం వచ్చిన పంటి గాటు డాక్టర్ల లెక్కలో మూడో రకం గాయం. అలాంటి గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు గాయం చుట్టూ ఎక్కించే అవసరం ఉంటుంది. అది కూడా మొదటి టీకా పడిన వారంలోపే ఇవ్వాలి. టీకా కండకి వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో. ఆ సున్నా అంటే మొదటి టీకా పడిన రోజు. అత్తగారు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడుతుంటే ఆ కాలం పోయిందని చెప్పండి. ఆ పాత మందు వాడకం 2005 నాటికే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు.

పసుపు గురించి ఆవిడని ఏమీ అనకండి, చేతికందింది అద్దారు. మిర్చి యార్డు ఉన్న ఊరు కదా మనది, కారం అద్దుకున్న చేత్తోనే కుక్కని పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. ఇవేవీ పనిచేయవు. పనిచేసేది కుళాయి నీళ్లు, సబ్బు, గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని పగలగొడుతుంది. అంట్లు తోమినప్పుడు నెయ్యి జిడ్డు వదిలినట్టే అనుకోండి. ఆదివారం అలా కడగకపోయి ఉంటే ఇప్పుడైనా కడగండి, ఆలస్యమైనా దండగ కాదు.

లడ్డూని మాత్రం కరిచిన రోజు నుంచి పది రోజులు ఇల్లు కదలనివ్వకండి. డాక్టర్ దగ్గరికి తప్ప ఎక్కడికీ వద్దు. పది రోజులే ఎందుకంటే, రేబిస్ ఉన్న కుక్క చొంగలోకి వైరస్ వచ్చేది రోగం బయటపడే ముందు కొద్ది రోజుల్లోనే. ఆ తర్వాత కుక్క ఎన్నాళ్లో బతకదు. పదో రోజుకి లడ్డూ మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అప్పుడు బాబుకి మిగతా టీకాలు కావాలో వద్దో డాక్టరే చెబుతారు. పది రోజులు చూసి అప్పుడు మొదలుపెడదామని మాత్రం అనుకోకండి, టీకా మొదలయ్యాకే ఈ ఎదురుచూపు. ఈ లోపు చొంగ కారడం, నీళ్లు మింగలేకపోవడం, గొంతు మారిపోవడం, వెనక కాళ్లు తూలడం లాంటివి కనిపిస్తే ఎవరూ దగ్గరికి పోకుండా తలుపు వేసి పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆగిపోయిన ఏడాది టీకా ఈ పది రోజులూ అయ్యాకే వేయించండి. మధ్యలో వేయిస్తే, నలతగా కనిపించినప్పుడు అది టీకా వల్లో రోగం వల్లో తేలదు.

ఇక లడ్డూ. మీ ఉత్తరం చివర్లో, "అయినా" అంటూ రాసిన ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను. చెవి గోక్కుంటూ తల విదిలిస్తోందన్నారు. మీరు దాన్ని ఎండ ఖాతాలో వేశారు. నేనైతే అక్కడినుంచే మొదలుపెడతాను.

లాబ్రడార్ చెవి ఆకులా కిందికి వాలి ఉంటుంది. లోపలి దారి నిలువుగా దిగి, అడ్డంగా తిరుగుతుంది. పైపుతో పోసిన నీళ్లు లోపలికి పోతే బయటికి రావు, గాలి ఆడదు. పైన మన ఉక్క. రోజూ స్నానమంటే రోజూ చెవి తడే. అందులో బూజు జాతి క్రిములు పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? అలాంటి చెవి దగ్గర ముక్కు పెడితే పులిసిపోయిన దోసెల పిండి వాసన వస్తుంది. లోపల కాఫీ పొడిలాంటి గోధుమరంగు గులిమి ఉంటుంది. మీరు ముక్కు పెట్టకండి, ఇప్పుడు దాని మొహం దగ్గర మొహం పెట్టే సమయం కాదు. పడుకున్నప్పుడు దూరంనుంచి చూడండి. తల ఒక పక్కకి వాల్చి ఉంచుతోందా, ఒకే చెవిని గోకుతోందా?

బాబు వాటేసుకున్నది మెడ దగ్గర. అంటే చేతులు పడ్డది సరిగ్గా చెవుల మొదట్లో. పుచ్చిపన్ను సలుపుతూ ఎలాగో కునుకు పట్టిన మనిషి దవడ మీద ఎవరైనా ప్రేమగానే సరే, అరచెయ్యి వేసి నొక్కితే ఏం చేస్తాడు? కళ్లు తెరిచేలోపే చెయ్యి విసురుతాడు. కుక్కకి విసరడానికి చెయ్యి లేదు, నోరే ఉంది.

చూడకుండా ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. ఏడాదిన్నర ఈడులో లాబ్రడార్లకి తుంటి కీలు, మోచేతి కీలు ఇబ్బంది పెట్టడమూ ఉంది. డాబా మెట్లు ఎక్కడానికి ఈ మధ్య వెనకాడుతోందేమో గుర్తు చేసుకోండి. వేసవిలో గోమార్లు పట్టి, వాటివల్ల వచ్చే జ్వరంతో చిరాగ్గా ఉండే కుక్కల్నీ చూస్తుంటాను, దానికి రక్తపరీక్ష చేయాలి. కాబట్టి ట్రైనర్ దగ్గరికి వెళ్లేముందు డాక్టర్. ముందే ఫోన్ చేసి, పిల్లాడిని కరిచింది, పది రోజుల గడువులో ఉంది, చెవి ముట్టుకోనివ్వదేమో అని మూడు మాటలూ చెప్పండి. చెవిలోకి లైటు పెట్టి కర్ణభేరి బాగుందో లేదో చూశాకే చుక్కల మందు వేస్తారు. అందుకే ఇంట్లో కొబ్బరినూనె, వేపనూనె, మీ పిల్లల చెవి చుక్కలు ఏవీ పోయకండి. నొప్పి అనుకుని మన మాత్రలు అస్సలు వేయకండి, మనకి పనిచేసే నొప్పిమాత్ర కుక్క కడుపునీ కిడ్నీల్నీ పాడుచేస్తుంది. మత్తు ఇచ్చి చూడాల్సి వచ్చి మీ దగ్గర వీలుకాకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. మీకు కొంచెం దూరమే, అయినా వెళ్లదగ్గ చోటు.

"ఉన్నట్టుండి" అన్నారు. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ ఈ మాటే అంటారు, ఎవరూ అబద్ధం చెప్పరు. కుక్క మాత్రం చాలాసార్లు ముందే చెప్పి ఉంటుంది. చాలామంది నవ్వుకునే వీడియోల్లోనే అది కనిపిస్తుంది. పిల్లవాడు కుక్క మీద వాలి ఉంటాడు. కుక్క తల పక్కకి తిప్పుకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ముక్కు నాక్కుంటుంది. కనుగుడ్డు పక్కన తెలుపు నెలవంకలా కనిపిస్తుంది. ఆ తర్వాత ఒళ్లంతా కొయ్యబారిపోతుంది, తోక సహా. ఆ కొయ్యబారడం ఒక్క క్షణమే, దాన్నే మనం "ఎంత బుద్ధిగా కూర్చుందో" అంటాం. ఇవన్నీ అయ్యాక కూడా మనకి అర్థం కాకపోతే గుర్రుమంటుంది. దానికీ వినకపోతే పన్ను.

మీ లడ్డూ రెండు వారాల కిందటే అత్తగారికి గుర్రుమని చెప్పింది. ఆదివారం ఆ మెట్టు కూడా దాటేసింది, ఎందుకంటే నిద్రలో ఉంది, నొప్పి మీద చెయ్యి పడింది. ఇప్పుడు మీవారిని చూసి మళ్లీ గుర్రుమంటోంది. వినడానికి వింతగా ఉంటుందేమో గానీ, అది నాకు మంచి కబురే. ఇంకా చెబుతోందన్నమాట.

కొన్నేళ్ల కిందట విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకాయన పామరేనియన్ని తెచ్చేవారు. గిన్నె దగ్గరికి పోతే గుర్రుమనేది. ఒకసారి టీకాకి వచ్చినప్పుడు, "ఇప్పుడు కిక్కురుమనదు సార్, చుట్టచుట్టిన పేపరుతో నాలుగు రోజుల్లో మానిపించేశా" అన్నారు గర్వంగా. తర్వాత వచ్చినప్పుడు ఆయన కుడిచేతికి నాలుగు కుట్లు. "కరిచేముందు చిన్న చప్పుడైనా చేయలేదండీ" అన్నారు. చేయదు. చేస్తే దెబ్బలు పడతాయని నేర్పింది ఆయనే. కుక్కర్ కూత చెవులకి గోలగా ఉందని విజిల్ మీద రాయి పెట్టినట్టు. ఆవిరి ఎక్కడికి పోతుంది?

పక్కింటాయన చెప్పే బాస్ కథకి మూలం తోడేళ్లు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనుల్లో ఉన్న తోడేళ్లని చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశాడు. దాన్ని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ముఖ్యుడు అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్. ఆయనే తర్వాత అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమే, కొట్లాడి బాస్ అయ్యేదేమీ ఉండదని 1999లో తన మాట తానే దిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటు మీ పక్కింటిదాకా ఇంకా వచ్చినట్టు లేదు. చెవినొప్పితో ఉన్న కుక్కని మెడ పట్టి నేలకి నొక్కితే ఈసారి కరిచేది మణికట్టు కాదు, వంగిన మొహం.

నొప్పి ఒక్కటే అని కూడా అనను. లడ్డూ వైపు నుంచి ఈ నెల చూడండి. రోళ్లు పగిలే ఎండ. ఉండే పిల్లాడికి తోడు మరో ముగ్గురు, పొద్దున్నుంచి రాత్రిదాకా పరుగులు. ఒళ్లు చల్లారే చోటు ఇంట్లో ఒక్కటే, కూలర్ ముందు, అదే అందరూ నడిచే దారి. కుక్కకి రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటల నిద్ర కావాలి. మీ ఇంట్లో ఇప్పుడు దానికి ఆరైనా పడుతోందా? పైగా ఈడు. పిల్లకుక్కగా ఉన్నప్పుడు చెవులు లాగినా ఊరుకున్నది, ఈ వయసుకి వచ్చేసరికి ఊరుకోదు. పాడైపోయిందని కాదు, పెద్దదవుతోంది.

అందుకని ముందు దానికో చోటు చూపించండి. పిల్లలు పోలేని గది మూల ఏదైనా సరే, చల్లటి గచ్చు, ఫ్యాను, నీళ్ల గిన్నె. గుమ్మానికి అడ్డంగా పాత మంచం చెక్కో, చిన్నపిల్లలకి పెట్టే గేటో. అది జైలు కాదని దానికి తెలియాలంటే అన్నం అక్కడే పెట్టండి. పిల్లలు నలుగురినీ కూర్చోబెట్టి రెండే మాటలు చెప్పండి, నిద్రపోయే లడ్డూని ముట్టుకోకూడదు, తినే లడ్డూ దగ్గరికి పోకూడదు. ముద్దు చేయాలనిపిస్తే మనం వెళ్లకూడదు, దాన్ని పిలవాలి. వస్తే గదవ కిందో రొమ్ము మీదో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి. ఇంకా కావాలంటే అదే చేతి కింద తల దూరుస్తుంది. దూర్చకపోతే అయిపోయింది, ఆట ముగిసింది. ఆరేళ్ల పిల్లలు ఈ మూడు లెక్కపెట్టే ఆటని మనకన్నా బాగా ఆడతారు. అయితే చెవి నయమయ్యేదాకా ఈ ఆట కూడా వద్దు. వాళ్లెంత బుద్ధిమంతులైనా, ఫోన్ మోగిందని మీరు రెండు నిమిషాలు లోపలికి వెళ్లేటప్పుడు కూడా కుక్కనీ పిల్లల్నీ ఒకే గదిలో వదలకండి.

బొమికల సంగతి వేరే. ఆదివారం కోడికూర బొమికలైతే పూర్తిగా మానేయండి, ఉడికిన బొమిక పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అది పట్టుకున్న వస్తువు ఏదైనా సరే లాక్కోవద్దు. లాక్కున్నకొద్దీ, మనిషి దగ్గరికి వస్తే ఉన్నది పోతుందని దానికి గట్టిపడుతుంది. లెక్క తిరగేయండి. అది గిన్నె దగ్గర ఉన్నప్పుడు మీరు ఆగకుండా, దాన్ని చూడకుండా, ఐదారడుగుల దూరంలో నడిచి వెళుతూ ఉప్పూ కారం లేని ఉడికించిన కోడిముక్క ఒకటి దాని వైపు వేసి వెళ్లిపోండి. అంతే. మర్నాడు మళ్లీ. కొన్నాళ్లకి మీ అడుగుల చప్పుడు వినగానే గిన్నె మీద ముడుచుకోకుండా తలెత్తి చూస్తుంది. ఆ తలెత్తడం కోసమే ఇదంతా. అప్పుడు ఒక్కడుగు దగ్గరగా నడవండి. అత్తగారి చీపురు మాత్రం లడ్డూ తన మూల గదిలో ఉన్నప్పుడే తిరగాలి.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి మూతికి ఏదైనా కట్టాలి. షాపుల్లో దొరికే బిగుతు గుడ్డపట్టీ వద్దు. కుక్క చల్లబడేది నోరు తెరిచి రొప్పితేనే, ఈ ఎండలో నోరు కట్టేస్తే వడదెబ్బ తగులుతుంది. బుట్టలా ఉండే మజిల్ అడగండి. నూర్పిళ్లలో ఎద్దుల మూతికి కట్టే చిక్కం చూసి ఉంటారు, అలాంటిదే, లోపల నోరు తెరవచ్చు, నీళ్లు తాగచ్చు. తెచ్చిన రోజే కట్టేయకండి. అడుగున కాస్త పెరుగన్నం రాసి చేత్తో పట్టుకోండి, అదే మూతి పెట్టి నాక్కుంటుంది. తీసేయండి. రెండు మూడు రోజులు అలా అయ్యాక పట్టీ ఒక్క క్షణం పెట్టి తీయండి. చెవి సంగతి అన్నాళ్లు ఆగదనిపిస్తే ఆ మాట డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పండి, వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందని కూడా ఎవరో ఒకరు అంటారు. ఊరిమీద పడి తిరగడం, కనిపించిన చోటల్లా ఉచ్చపోయడం తగ్గచ్చు. నొప్పివల్లా భయంవల్లా వచ్చే కాటు దానితో పోదు. చేయించుకోండి, దీనికి మందుగా మాత్రం కాదు. పది రోజులూ అయ్యాక వాకింగ్ తెల్లారకముందో పొద్దుపోయాకో. రోడ్డు మీద మీ అరచెయ్యి ఏడు సెకన్లు ఆనించలేకపోతే అది దాని పాదాలకీ వేడే.

తోట దగ్గర వదిలేయడం గురించి. పెంచిన జంతువుని దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంటే మీ అత్తగారు భయపడేంత కాదని నాకూ తెలుసు. చట్టం మాట పక్కన పెట్టి ఆవిడని ఒకటే అడగండి, తోటలో పని చేయడానికి వచ్చేవాళ్లకి పిల్లలు ఉండరా అని. చెవినొప్పితో, ఆకలితో, కొత్తచోట ఉన్న కుక్క వాళ్ల దగ్గర ఇంతకన్నా మెత్తగా ఉండదు. అలాగని ఎట్లాగైనా ఉంచుకుని తీరాలనీ అనను. చెవి నయమై, ఇల్లు సర్దుకుని, పిల్లలు వెళ్లిపోయాక కూడా రెండు నెలల్లో పరిస్థితి మారకపోతే, చిన్నపిల్లలు లేని ఇంటికి జరిగింది దాచకుండా చెప్పి ఇవ్వడంలో తప్పులేదు. దాచి ఇవ్వడమే తప్పు. అక్కడిదాకా వస్తుందని నాకైతే అనిపించడం లేదు. ఆడపడుచు పిల్లల్ని మాత్రం కుదిరితే ఓ వారం ముందే పంపించండి, వాళ్ల అమ్మకి నిజమే చెప్పి.

ఇక మీవారు. పిల్లాడి చేతి మీద రక్తం చూసిన తండ్రి, ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. కానీ లడ్డూకి ఇప్పుడు ఆయన చెప్పుల చప్పుడంటేనే భయం. టేబుల్ కిందనుంచి లాగొద్దు, పిలవొద్దు. రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో కింద కూర్చోమనండి, దాని వైపు పక్కకి తిరిగి, టీవీ చూస్తూనో ఫోన్ చూస్తూనో. చేతికందే దూరంలో కాదు, గదికి ఈ చివర. మధ్యమధ్యలో ఒక ముక్క దాని వైపు దొర్లించాలి, దాని మొహం చూడకూడదు. మొదటిరోజు ఆయన లేచి వెళ్లాకే తింటుంది. తర్వాత ఎప్పుడో ఆయన ఉండగానే మెడ చాపి తింటుంది. అదే వచ్చి చేతిని వాసన చూసేదాకా నిమరొద్దు, వాసన చూసిన రోజు కూడా నిమరొద్దు. చెవి చూపించడానికి మాత్రం ఆయన్ని తీసుకెళ్లమనకండి, మీరు వెళ్లండి. చెవి పట్టుకునే చేతులు, చెప్పు పట్టుకున్న చేతులు దానికి ఒకటిగా గుర్తుండిపోతే ఆ పని ఇంకా కష్టం.